ఏ గేరు పోయింది, ఏ గేరు మిగిలింది: పాత ఆటోమేటిక్ కార్లలో లోప నిర్ధారణ

పాత ఆటోమేటిక్ కార్లలో గేర్ల గురించిన ఫిర్యాదులు వినడానికి నాలుగైదు రకాలుగానే ఉంటాయి. గేరు పడడానికి ఆలస్యమవుతుంది. పడేటప్పుడు గట్టి కుదుపు వస్తుంది. ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగదు. పై గేరుకు ఎంతకీ మారదు. లేదా ఒక గేరు పూర్తిగా మాయమవుతుంది. వీటి వెనుక ఉండగల కారణాలు మాత్రం ఆయిలు ఒక లీటరు తగ్గడం దగ్గర నుంచి లోపలి ఉక్కు భాగం విరగడం దాకా, కనెక్టరులో తుప్పు పట్టడం దగ్గర నుంచి క్లచ్చు ప్లేట్లు మాడిపోవడం దాకా పదుల సంఖ్యలో ఉంటాయి. ఒకే లోపం రెండు బండ్లలో రెండు రకాలుగా బయటపడవచ్చు, రెండు వేర్వేరు లోపాలు ఒకే బండిలో ఒకే లక్షణంగా కనిపించవచ్చు. అందువల్ల "గేర్‌బాక్సు పోయింది" అన్న మాటకు నిర్ధారణగా విలువ లేదు. గేర్‌బాక్సును బండి కింద నుంచి దించి, విప్పి, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు చాలా పాత కార్ల విషయంలో ఆ కారు ధరలోనే పెద్ద వాటా అవుతుంది కాబట్టి, విప్పకముందే లోపం ఎక్కడుందో తేల్చుకోవడం మీదే యజమాని సొమ్మూ మెకానిక్కు పేరూ రెండూ ఆధారపడి ఉన్నాయి.

ఈ విద్యకు ఆధారమైన సూత్రం సరళమైనదే. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో, మాన్యువల్ బండిలో మాదిరిగా ప్రతి గేరుకూ విడిగా ఒక జత పళ్లచక్రాలు ఉండవు. కొద్దిపాటి భాగాలనే రకరకాలుగా జతపరిచి అన్ని గేర్లనూ పుట్టిస్తారు. ఏ గేర్లు పోయాయో, ఏవి మిగిలాయో పక్కపక్కన పెట్టి చూస్తే, పోయిన గేర్లన్నింటిలోనూ ఉండి మిగిలిన గేర్లలో లేని భాగమేదో బయటపడుతుంది. స్పానరు పట్టుకోకముందే చేయగలిగిన ఈ తర్కాన్ని పక్కన పెట్టి నేరుగా గేర్‌బాక్సు దించడమే ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు.

అమెరికాలో వాడకంలో ఉన్న కార్లలో అత్యధికం ఆటోమేటిక్‌లే కాబట్టి, అక్కడ చదువుకోవడానికి వెళ్లి తక్కువ ధరకు పాత కారు కొనుక్కునే తెలుగు విద్యార్థులకు ఈ సమస్య ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణను కూడా ఆ దేశపు బండ్ల నుంచే తీసుకోవడం సబబు.

నీటి ప్రవాహంతో శక్తిని ఒక ఇరుసు నుంచి మరో ఇరుసుకు అందించే టార్క్ కన్వర్టరుకు జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొటింగర్ 1905లో పేటెంటు పొందాడు. అతని లక్ష్యం కార్లు కాదు, ఓడల టర్బైన్లు. 1939లో జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కార్లలో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్, పెద్ద సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సుగా నిలిచింది. ఆ తరువాత గేర్ల సంఖ్య పెరిగింది, నియంత్రణ కంప్యూటరు చేతికి వెళ్లింది. కానీ ద్రవం, గేర్లు, క్లచ్చులు అనే మూడింటి కూడిక నేటికీ అదే.

వీటిలో మొదటిది ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కూర్చునే టార్క్ కన్వర్టరు. ఆయిలు నిండిన గుండ్రటి డొప్పలో ఇంజను తిప్పే రెక్కల చక్రం ఆయిలును విసరగా, ఆ తాకిడికి ఎదుటి రెక్కల చక్రం, అంటే టర్బైను, తిరిగి గేర్‌బాక్సును నడుపుతుంది. రెండింటి మధ్య స్టేటర్ అనే మూడో రెక్కల చక్రం ఉంటుంది. తిరిగి వచ్చే ఆయిలును సరైన దిశకు మళ్లించి, బండి కదిలే క్షణంలో ఇంజను మెలితిప్పే బలాన్ని దాదాపు రెండింతలు చేసేది అదే. వేగం అందుకున్నాక స్టేటరు అడ్డు రాకుండా ఒకవైపు మాత్రమే తిరగనిచ్చే ఒన్‌వే క్లచ్చు మీద దాన్ని అమరుస్తారు. ఆయిలు ద్వారా శక్తి బదిలీ అయినంతసేపూ కొంత జారుడు తప్పదు కాబట్టి, నిలకడ వేగంలో ఆ నష్టాన్ని ఆపడానికి ఇంజనునూ టర్బైనునూ నేరుగా పట్టివేసే లాకప్ క్లచ్చు కూడా ఇందులోనే ఉంటుంది.

రెండోది ప్లానెటరీ గేర్ల అమరిక. మధ్యలో సన్ గేరు, దాని చుట్టూ ఒక చట్రానికి బిగించిన మూడు నాలుగు చిన్న ప్లానెట్ గేర్లు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న రింగ్ గేరు ఉంటాయి. ఈ మూడు అంగాల్లో ఒకదాన్ని తిప్పి, మరొకదాన్ని కదలకుండా పట్టి ఉంచితే, మూడోది ఒక నిర్దిష్టమైన నిష్పత్తిలో తిరుగుతుంది. దేన్ని తిప్పాలి, దేన్ని పట్టాలి అన్నది మారిస్తే నిష్పత్తి మారుతుంది, దిశ కూడా మారవచ్చు. తిప్పడానికీ పట్టడానికీ వాడేవి ఆయిలు ఒత్తిడితో బిగుసుకునే బహుళ ప్లేట్ల క్లచ్చులూ, డ్రమ్ము చుట్టూ బిగుసుకునే ఉక్కు బ్యాండ్లూ. గేరు మారడమంటే పళ్లు విడిపోయి కొత్త పళ్లు కలవడం కాదు. పళ్లన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఒక క్లచ్చు వదిలి మరొకటి పట్టడమే జరుగుతుంది. గేర్ల సమస్యల్లో చాలా భాగం పళ్లలో కాక ఈ పట్టులో ఉండడానికి కారణం ఇదే.

ఆ పట్టుకు బలాన్నిచ్చేది ఆయిలు ఒత్తిడి. కన్వర్టరు తిరిగినప్పుడే తిరిగే పంపు, గేర్‌బాక్సు అడుగున ఉండే పాన్‌లోని ఆయిలును ఫిల్టరు గుండా పీల్చి వాల్వు బాడీకి పంపుతుంది. వాల్వు బాడీ అంటే సన్నని దారులు తొలిచిన అల్యూమినియం దిమ్మె. వాటిలో అటూ ఇటూ జరిగే వాల్వులు ఏ క్లచ్చుకు ఎప్పుడు ఎంత ఒత్తిడి వెళ్లాలో తేలుస్తాయి. ఎలక్ట్రానిక్ తరంలో ఆ వాల్వులను కదిపేవి సోలినాయిడ్లు, అంటే కరెంటు ఇస్తే తెరుచుకునో మూసుకునో ఆయిలు దారిని నియంత్రించే చిన్న విద్యుదయస్కాంత కవాటాలు. అందువల్ల ఒక క్లచ్చు జారుతోందంటే ప్లేట్లు అరిగి ఉండవచ్చు, ప్లేట్లు బాగానే ఉండి ఒత్తిడి చాలకపోవచ్చు, ఒత్తిడి బాగానే ఉండి అది క్లచ్చుకు చేరే దారిలో సీలు లీకవుతుండవచ్చు, లేదా కంప్యూటరు తప్పుడు సమాచారంతో తప్పుడు ఆజ్ఞ ఇస్తుండవచ్చు.

ఈ తర్కం ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూపడానికి జనరల్ మోటార్స్ వారి 4ఎల్60-ఈ అనే నాలుగు గేర్ల బాక్సు చక్కని ఉదాహరణ. 1982లో వచ్చిన 700ఆర్4 అనే నమూనాను ఎలక్ట్రానిక్ నియంత్రణకు మార్చి, 1993 నుంచి షెవర్లే పికప్పులు, టాహో, కమారో వంటి అనేక బండ్లలో అమర్చడంతో, లక్షలాది బండ్ల అనుభవం మెకానిక్కుల చేతుల్లో పోగుపడింది. దీని నిష్పత్తులు మొదటి గేరుకు 3.06, రెండుకు 1.63, మూడుకు 1.00, నాలుగుకు 0.70, అంటే మొదటి గేరులో టర్బైను 3.06 చుట్లు తిరిగితే వెనుక ఇరుసుకు వెళ్లే దండం ఒక చుట్టు తిరుగుతుంది. ముందుకు నడిపే గేర్లలో ఫార్వర్డ్ క్లచ్చు పట్టి ఉంటుంది. రెండో గేరుకు దానితో పాటు 2-4 బ్యాండు బిగుసుకుంటుంది. మూడుకు బ్యాండు వదిలి 3-4 క్లచ్చు పడుతుంది. నాలుగుకు 3-4 క్లచ్చుతో పాటు మళ్లీ అదే బ్యాండు బిగుసుకుంటుంది. బ్యాండు పట్టు గేర్లకు చేరేది సన్ షెల్ అనే పలుచని ఉక్కు గిన్నె ద్వారా. రివర్సు గేరు బలం కూడా ఆ షెల్ గుండానే వెళుతుంది.

ఇంత తెలిస్తే చాలు, లక్షణాలు వాటంతట అవే అర్థమవుతాయి. ఒకటి, రెండు, రివర్సు బాగుండి, మూడుకు మారే సమయంలో న్యూట్రల్‌లో పెట్టినట్టు ఇంజను మోతెత్తి, మూడో గేరూ నాలుగో గేరూ లేకపోతే, ఆ రెండింటికీ ఉమ్మడిదైన 3-4 క్లచ్చు మాడిందని చెప్పవచ్చు. ఈ బాక్సులో తరచుగా చూసే వైఫల్యం అదే. రెండూ నాలుగూ పోయి రివర్సు మిగిలితే అనుమానం బ్యాండు మీదికి, దాన్ని బిగించే సర్వో పిస్టను మీదికి వెళ్లాలి. రెండు, నాలుగు, రివర్సు మూడూ ఒకేసారి పోయి, ఒకటీ మూడూ మాత్రం చక్కగా పనిచేస్తుంటే, బ్యాండు ఒక్కటే రివర్సును చెడగొట్టలేదు కాబట్టి, మూడింటికీ ఉమ్మడిదైన సన్ షెల్ విరిగిందని పెట్టె తెరవకుండానే తేల్చవచ్చు. అనుభవం ఉన్న మెకానిక్కు పది నిమిషాల డ్రైవింగుతో ఈ తీర్పు చెప్పినప్పుడు అది చూసేవారికి అద్భుతంలా అనిపిస్తుంది. నిజానికి అది శుద్ధమైన తీసివేత లెక్క.

అయితే గేరు లేకపోవడానికీ, గేరు అడగకపోవడానికీ తేడా ఉంది. ఇదే బాక్సులో ఏ, బీ అనే రెండు షిఫ్టు సోలినాయిడ్లు గేర్లను నిర్ణయిస్తాయి: రెండింటికీ కరెంటు ఉంటే ఒకటో గేరు, బీకి మాత్రమే ఉంటే రెండు, రెండింటికీ లేకపోతే మూడు, ఏకి మాత్రమే ఉంటే నాలుగు. ఏ సోలినాయిడు పనిచేయడం మానేస్తే కంప్యూటరు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా ఆజ్ఞాపించినా బండికి దక్కేవి రెండు, రెండు, మూడు, మూడు. బీ మానేస్తే దక్కేవి నాలుగు, మూడు, మూడు, నాలుగు; అంటే బండి నాలుగో గేరులో ఈడ్చుకుంటూ బయలుదేరుతుంది. వైరింగు పూర్తిగా తెగితే మూడో గేరు ఒక్కటే మిగులుతుంది. బండిని ఎలాగోలా ఇంటికి చేర్చడానికి వీలుగా రూపకర్తలు ఉద్దేశించి పెట్టిన ఈ స్థితిని లింప్ మోడ్ అంటారు. ఇక్కడ గమనించవలసిన గుర్తు ఒకటుంది: విద్యుత్ లోపంలో దొరికిన గేరు, అది తప్పు గేరైనా, గట్టిగా పట్టి ఉంటుంది, జారదు, యాంత్రిక లోపంలో గేరు పడబోయి జారుతుంది, ఇంజను ఖాళీగా మోతెత్తుతుంది. మొదటి దానికి మందు మల్టీమీటరుతో మొదలవుతుంది; ఈ సోలినాయిడ్ల నిరోధం మామూలుగా 20 నుంచి 30 ఓంల మధ్య ఉంటుంది కాబట్టి, తెగిన చుట్టనో షార్టయిన చుట్టనో కనెక్టరు దగ్గరే పట్టుకోవచ్చు. రెండో దానికి చాలాసార్లు పెట్టె విప్పక తప్పదు.

ఏ పరీక్షకైనా ముందు ఆయిలును చూడాలి. చాలా బండ్లలో ఇంజను వేడెక్కి, ఐడిలింగులో ఉండగా, సమతల నేల మీద డిప్‌స్టిక్కు తీసి చూడాలి. హోండా వంటి కొన్నిటిలో వేడెక్కిన ఇంజనును ఆపిన వెంటనే చూడాలి. చాలా కొత్త బండ్లలో డిప్‌స్టిక్కే ఉండదు, నిర్ణీత ఉష్ణోగ్రతలో పక్క బోల్టు విప్పి మట్టం చూడవలసి ఉంటుంది. ఆయిలు తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది. మితిమీరి పోస్తే తిరిగే గేర్లు దాన్ని చిలికి నురుగు చేస్తాయి. రెండు సందర్భాల్లోనూ ఆయిలులో గాలి చేరుతుంది, గాలి అణిగిపోతుంది కాబట్టి ఒత్తిడి నిలవదు, క్లచ్చు జారుతుంది. ఇంజను ఆయిలుతో కలగాపులగం కాకుండా గుర్తుపట్టడానికి ఈ ఆయిలుకు సాధారణంగా ఎరుపు రంగు కలుపుతారు. వాడకంతో అది ముదురు గోధుమ రంగుకు మారడం సహజం. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్చు ప్లేట్ల మీది లైనింగు కాలిందని అర్థం. రోజ్‌మిల్కులా గులాబీ రంగులో మసకగా ఉంటే పరిస్థితి మరింత తీవ్రమైనది: రేడియేటరులో ఉండే ఆయిల్ కూలరు చిల్లుపడి కూలెంటు గేర్‌బాక్సులోకి చేరింది. కాగితపు నారతో చేసిన లైనింగును ఉక్కు ప్లేటుకు అతికించే జిగురును ఆ మిశ్రమం వదులు చేస్తుంది కాబట్టి, అటువంటి బండిని కొద్ది దూరం కూడా నడపకూడదు. పాన్ దించినప్పుడు అందులోని అయస్కాంతం మీద బూడిదలాంటి మెత్తని పొడి ఉండడం మామూలు అరుగుదలే. చేతికి తగిలే రేకు ముక్కలు, ఇత్తడి రంగు తునకలు కనిపిస్తే లోపల గట్టి భాగాలే తరుగుతున్నాయి.

లక్షణం చల్లగా ఉన్నప్పుడు కనిపిస్తుందా, వేడెక్కాక కనిపిస్తుందా అన్న ప్రశ్నకు చాలామంది ఇవ్వవలసినంత విలువ ఇవ్వరు. ఈ ఆయిలు చిక్కదనం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నదానితో పోలిస్తే 100 డిగ్రీల దగ్గర దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడిన రబ్బరు సీళ్లు ఉదయం చలికి మరింత బిగుసుకుని డ్రమ్ముకు సరిగా ఆనవు. అందువల్ల రాత్రంతా నిలిపి ఉంచిన బండి డీ (డ్రైవ్)లో పెట్టాక రెండు మూడు సెకన్ల దాకా కదలకుండా, పది నిమిషాల తరువాత మామూలుగా మారితే సీళ్లను అనుమానించాలి. దీనికి భిన్నంగా చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, వేడెక్కి ఆయిలు పలచబడగానే జారడం మొదలైతే, అరిగిన పంపు, వాల్వు బాడీలో వదులైన రంధ్రాలు వంటి అంతర్గత లీకులు కారణమవుతాయి. పాత కారు కొనేవారు చూడడానికి వెళ్లేసరికి అమ్మేవారు ఇంజనును అప్పటికే వేడెక్కించి ఉంచితే, మొదటి రకం లోపం పూర్తిగా దాగిపోతుంది. బానెట్టు మీద చెయ్యి వేసి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే తొలిసారి స్టార్టు చేయించడం న్యాయమైన కోరిక.

గేరు పడే సమయాన్ని కొలవడానికి గడియారం చాలు. బ్రేకు గట్టిగా తొక్కి, ఐడిలింగులో న్యూట్రల్ నుంచి డీకి మార్చినప్పటి నుంచి బండి సన్నగా ఒరిగే క్షణం దాకా పట్టే వ్యవధికి టొయోటా మరమ్మతు పుస్తకాలు 1.2 సెకన్లను, రివర్సుకు 1.5 సెకన్లను పైహద్దుగా పేర్కొంటాయి. రివర్సులో మాత్రమే జాప్యమైతే రివర్సుకు సంబంధించిన క్లచ్చునూ, రెండింటిలోనూ జాప్యమైతే ఆయిలు మట్టాన్నీ మొత్తం ఒత్తిడినీ చూడాలి. ఒత్తిడిని గేజీ బిగించి నేరుగా కొలవవచ్చు. తయారీదారు ఇచ్చిన అంకెలతో సరిపోల్చితే పంపు బలమేమిటో తెలుస్తుంది. రివర్సులో క్లచ్చు మీద పడే బలం ఎక్కువ కాబట్టి ఒత్తిడి కూడా డీలో కన్నా పెరగాలి. పెరగకపోతే ఒత్తిడిని నియంత్రించే వాల్వునో సోలినాయిడునో పట్టించుకోవాలి.

స్టాల్ టెస్టు అనే మరో పరీక్ష పుస్తకాల్లో కనిపిస్తుంది. నాలుగు చక్రాలకూ అడ్డుకట్టలు పెట్టి, బ్రేకు పూర్తిగా తొక్కి, డీలో ఉండగా యాక్సిలరేటరును చివరిదాకా తొక్కితే ఇంజను చేరే ఆర్‌పీఎం చాలా మామూలు కార్లలో 2000-2500 ప్రాంతంలో ఆగుతుంది. అంతకన్నా బాగా పైకి పోతే లోపల క్లచ్చు జారుతోంది. బాగా కింద ఆగితే ఇంజనే బలహీనంగా ఉంది, లేదా స్టేటరు ఒన్‌వే క్లచ్చు పట్టు వదిలింది. అయితే ఆ క్షణాల్లో ఇంజను శక్తి మొత్తం ఆయిలులో వేడిగా మారుతుంది కాబట్టి, ఐదు సెకన్లకు మించి చేయకూడదు, చేసిన తరువాత న్యూట్రల్‌లో చల్లారనివ్వాలి. వయసు మళ్లిన బండికి ఈ పరీక్ష ప్రాణాంతకం కావచ్చు; ఇతర దారులన్నీ మూసుకుపోతే తప్ప, అదీ అనుభవజ్ఞుల చేతుల్లో తప్ప, దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

చిన్న స్కానరు ఉంటే జారుడును అంకెల్లోనే పట్టుకోవచ్చు. పైన చెప్పిన బాక్సు నాలుగో గేరులో, లాకప్ క్లచ్చు పట్టి ఉన్నప్పుడు, వెనుక దండం నిమిషానికి 2500 చుట్లు తిరుగుతుంటే ఇంజను 1750 దగ్గర ఉండాలి, ఎందుకంటే 2500ను 0.70తో గుణిస్తే వచ్చేది అదే. ఇంజను 2050 చూపిస్తే 300 చుట్లు ఎక్కడో జారిపోతున్నాయి. అది లాకప్‌లోనా, గేరు క్లచ్చులోనా అన్నది తరువాతి ప్రశ్న. నిలకడగా 60-80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటరు మీద తేలికగా కాలు ఉన్నప్పుడు, గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సన్నని అదురు వస్తే లాకప్ క్లచ్చును అనుమానించాలి. యాక్సిలరేటరు కదపకుండా ఎడమ కాలితో బ్రేకు పెడలును కేవలం తాకితే లాకప్ విడిపోతుంది. ఆ క్షణంలోనే అదురు ఆగితే లోపం అక్కడిదే. ఆగకపోతే ఇంజను మిస్సింగును చూడాలి: పాడైన స్పార్కు ప్లగ్గు, కాయిలు ఇచ్చే కుదుపును గేర్‌బాక్సు లోపంగా పొరబడడం చాలా మామూలు. అలాగే యాక్సిలరేటరు ఎంత తొక్కారో చెప్పే సెన్సరు తప్పు చెబితే గేర్లు తప్పు వేగంలో మారతాయి; థర్మోస్టాటు ఎప్పుడూ తెరుచుకునే ఉండి ఇంజను వేడెక్కకపోతే కంప్యూటరు లాకప్‌ను అనుమతించదు; బ్యాటరీ వోల్టేజి పడిపోతే సోలినాయిడ్లు తికమకపడతాయి; ఇంజను మౌంటు చిరిగితే ప్రతి గేరు మార్పూ దెబ్బలా వినిపిస్తుంది. గేర్‌బాక్సు బయట ఉన్న ఈ కారణాలన్నీ చౌకగా సరిచేయగలిగినవి కావడం వల్ల, వాటినే ముందు వెతకాలి.

కంప్యూటరు లేని ఇంకా పాత బండ్లలో గేర్లు ఎప్పుడు మారాలో తేల్చే పనిని యంత్ర భాగాలే చేసేవి. 700ఆర్4లో థ్రాటిలు నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే తీగ, గేర్లు మారే సమయాన్నే కాక ఆయిలు ఒత్తిడిని కూడా నిర్ణయించేది. దాన్ని వదులుగా బిగించిన పాపానికి బాగున్న క్లచ్చులు తక్కువ ఒత్తిడిలో జారి కొద్ది దూరంలోనే మాడిపోయేవి. మరికొన్నిటిలో ఇంజను వాక్యూమును బట్టి ఒత్తిడిని మార్చే మాడ్యులేటరు ఉండేది. అందులోని రబ్బరు పొర చిరిగితే ఇంజను గేర్‌బాక్సు ఆయిలును పీల్చి కాల్చేస్తుంది. నేల మీద చుక్క పడకుండానే ఆయిలు తగ్గుతూ, సైలెన్సరు నుంచి తెల్లని పొగ వస్తుంటే, ఆ మాడ్యులేటరు గొట్టం లాగి తడి ఉందేమో చూస్తే విషయం తేలిపోతుంది. ఇంత స్పష్టమైన సాక్ష్యం ఎలక్ట్రానిక్ తరంలో అరుదు.

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, భారతదేశంలో బీఎస్-4 కాలుష్య ప్రమాణాల కింద 2013 నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2 వ్యవస్థ లోపాలను సంకేతాలుగా నమోదు చేస్తుంది. పి0700 అనే సంకేతం గేర్‌బాక్సు కంప్యూటరు ఏదో లోపం గమనించిందని మాత్రమే చెబుతుంది. అసలు సంగతి ఆ కంప్యూటరును చదవగల స్కానరుకే తెలుస్తుంది. పి0741 లాకప్ పట్టలేదని, పి0732 రెండో గేరు నిష్పత్తి లెక్కకు రాలేదని, పి0750 మొదటి షిఫ్టు సోలినాయిడు తేడా చేసిందని తెలుపుతాయి. సంకేతం లక్షణానికి పేరు పెడుతుందే కాని కారణాన్ని చెప్పదు. పి0732 చూసి సోలినాయిడు మార్చడం గుడ్డి వైద్యం. అమ్మకానికి ముందు సంకేతాలు చెరిపేయడం కూడా జరుగుతుంది. అప్పుడు ఆ కంప్యూటరు చేసుకునే స్వీయ పరీక్షలు ఇంకా పూర్తికాలేదని, సంకేతాలు చెరిపాక బండి నడిచిన దూరం చాలా తక్కువని స్కానరు చూపిస్తుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే అమ్మేవారిని సూటిగా ప్రశ్నించాలి.

ఇక ఆయిలు మార్పు గురించి. జారుతున్న గేర్‌బాక్సుకు కొత్త ఆయిలు పోస్తే బాగవుతుందన్న ఆశా, కొత్త ఆయిలు పోసినందువల్లే పాత గేర్‌బాక్సు పోయిందన్న భయమూ రెండూ విస్తృతంగా ఉన్నాయి. మాడిపోయిన లైనింగును ఏ ఆయిలూ తిరిగి పుట్టించలేదు. ఆయిలు మార్చిన వెంటనే పోయిన బాక్సుల్లో చాలావాటికి, జారుడు మొదలయ్యాకే ఆ ఆయిలు మార్చారన్నది మరిచిపోకూడదు. పాన్ నుంచి దించితే బయటికి వచ్చేది మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకానే, మిగిలినది కన్వర్టరులో ఉండిపోతుంది. కాబట్టి ఇంకా జారని పాత బండికి, యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగడం కన్నా, కొన్ని వేల కిలోమీటర్ల వ్యవధితో రెండు మూడుసార్లు దించి పోయడం నిదానమైన, సురక్షితమైన పద్ధతి. ఆయిలు రకం మాత్రం పుస్తకంలో చెప్పినదే కావాలి, ఎందుకంటే క్లచ్చు ఎంత మెత్తగా పట్టాలో తేల్చే రాపిడి గుణం ఆయిలులో కలిపే రసాయనాలదే. 1970ల తొలినాళ్ల దాకా అమెరికాలో ఆ పనికి స్పెర్మ్ తిమింగలాల నూనెను వాడేవారు. ఆ జీవుల రక్షణకు చట్టం వచ్చాక కృత్రిమ పదార్థాలతో దాన్ని భర్తీ చేయవలసి వచ్చింది. ఒక గేరు మెత్తగా పడడానికి సముద్రంలోని ఒక మహాప్రాణి బలి కావలసి వచ్చిన ఆ కాలం ముగియడం సంతోషించదగిన విషయం.

తెలుగు రాష్ట్రాల్లో పాత కార్ల బజారుకు వస్తున్న ఆటోమేటిక్‌లకు ఈ పద్ధతులన్నీ ఒకే తీరున వర్తించవు. 2014లో మారుతి సెలేరియోతో దేశంలో మొదలైన ఏఎమ్‌టీ, మామూలు మాన్యువల్ గేర్‌బాక్సుకు మోటార్లు తగిలించిన ఏర్పాటు. దానిలో అరిగేది మామూలు పొడి క్లచ్చే, టార్క్ కన్వర్టరు ఉండదు, గేరు మార్పుల మధ్య కొద్దిపాటి తల ఊపు దాని స్వభావమే కాని లోపం కాదు. సీవీటీలో గేర్ల మెట్లే ఉండవు. ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య నడుస్తుంది, దానికి ప్రత్యేకమైన ఆయిలు తప్పనిసరి. కొనేముందు బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోకపోతే సహజ లక్షణాన్ని జబ్బుగానూ, జబ్బును సహజ లక్షణంగానూ భ్రమపడే ప్రమాదం ఉంది.

పాత ఆటోమేటిక్ కారు కొనేవారు చల్లని ఇంజనుతో మొదలుపెట్టి, వేడెక్కేదాకా కనీసం అరగంట నడిపి, ప్రతి గేరునూ, రివర్సునూ, లాకప్‌నూ విడివిడిగా గమనించి, ఏ గేరులో, ఏ వేగంలో, చల్లగానా వేడిగానా అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని మెకానిక్కు చేతికి ఇస్తే సగం నిర్ధారణ పూర్తయినట్టే. ఆయిలు మట్టం, కనెక్టరు, సోలినాయిడు, సెన్సరు వంటి లోపాలున్న బండిని ధర తగ్గించి కొనడంలో తప్పు లేదు. ఆయిలులో మాడు వాసన, పాన్‌లో రేకు ముక్కలు, వేడెక్కాక జారుడు మూడూ ఉన్న బండికి గేర్‌బాక్సు పూర్తిగా తిరిగి కట్టించే ఖర్చును ధరలోంచి తీసివేయాలి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఆ బండిని వదిలేయాలి.